‘దొరికిన బిడ్డ’ నుంచి ‘అప్పగించిన బిడ్డ’ దాకా: శిశు పరిత్యాగ నివారణలో ప్రభుత్వ చర్యల చరిత్ర (నాయుడుపేట ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
కన్నబిడ్డను వదిలివెళ్లడం ఏ సమాజానికీ కొత్త కాదు. దానిని నేరంగా నిర్వచించడం, రిజిస్టర్లకెక్కించడం, నివారణకు పథకాలు రూపొందించడం మాత్రం మన దేశంలో గత నూట అరవై ఏళ్లలో జరిగిన పరిణామం. 1860 నాటి భారత శిక్షాస్మృతి మొదలుకొని 2015 నాటి బాల న్యాయ చట్టం వరకు ప్రభుత్వం ఈ సమస్యను ఏయే కోణాల నుంచి చూసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నెల్లూరు సీమ దక్షిణ భాగంలోని నాయుడుపేటను భౌగోళిక ఆధారంగా తీసుకొని, రాష్ట్ర, దేశ స్థాయి శాసనాలు ఒక చిన్న పట్టణానికి చేరేసరికి ఏ రూపం తీసుకుంటాయో వివరిస్తుంది. వదిలివేతను ఆపాలంటే తల్లికి భయం లేని దారి తెరవాలి. శిశు విక్రయాన్ని ఆపాలంటే ఆ దారికి కావలి పెట్టాలి. ఈ రెండు అవసరాల నడుమ జరిగిన ఊగిసలాటే ఈ చరిత్ర సారాంశమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శిశు పరిత్యాగం, జనన నమోదు, గ్రామ మునసబు, దత్తత, శిశుగృహ, ఊయల, బాలల సంక్షేమ సమితి, నాయుడుపేట.

1. ఉపోద్ఘాతం:
స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న నాయుడుపేట దారులు కలిసే ఊరు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే జాతీయ రహదారి, గూడూరు–చెన్నై రైలుమార్గం ఈ పట్టణం మీదుగానే సాగుతాయి. శ్రీకాళహస్తి, తిరుపతి వైపు వెళ్లే రహదారి ఇక్కడే చీలుతుంది. దక్షిణాన తమిళనాడు సరిహద్దు, తూర్పున పులికాట్ సరస్సు, సమీపంలో మేనకూరు ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్నాయి. యాత్రికులు, లారీ కార్మికులు, పరిశ్రమలలో పనికి వచ్చే యువతీయువకులు, కూలి కోసం వలస వెళ్లే కుటుంబాలు నిత్యం ఈ కూడలి గుండా సాగిపోతుంటారు. ఇటువంటి చోట ఒక పసికందు దొరికితే, ఆ బిడ్డ ఈ ఊరిదా, పొరుగు జిల్లాదా, పొరుగు రాష్ట్రానిదా అన్నది తేల్చడం కష్టం. అందుకే వదిలివేసిన శిశువుల విషయంలో ప్రభుత్వం నిర్మించుకొన్న జాడతీత వ్యవస్థలను పరీక్షించడానికి నాయుడుపేట వంటి పట్టణం తగిన స్థలం.

వ్యాసంలో వాడే మూడు మాటలకు చట్టపరమైన అర్థభేదం ఉంది. కన్నవారు వదిలివెళ్లగా, విచారణ అనంతరం బాలల సంక్షేమ సమితి అలా ప్రకటించిన బిడ్డ ‘పరిత్యక్త’ శిశువు. తల్లిదండ్రులు సమితి ముందు హాజరై, పత్రం రాసి ఇచ్చిన బిడ్డ ‘అప్పగించిన’ శిశువు. కన్నవారు గాని, దత్తత తీసుకొన్నవారు గాని, చట్టబద్ధ సంరక్షకులు గాని లేని బిడ్డ ‘అనాథ’. లోకవ్యవహారంలో ఈ ముగ్గురినీ ‘అనాథ పిల్లలు’ అనడం పరిపాటి. కానీ మొదటి ఇద్దరికీ తల్లి ఉంది. మొదటి సందర్భంలో ఆమె చీకటిలో ఉండిపోయింది, రెండో సందర్భంలో ఒక కార్యాలయం దాకా రాగలిగింది. నివారణ అనే మాటకు అర్థం ఈ రెండు స్థితుల మధ్య దూరంలోనే ఉంది.

తెలుగువారికి ఈ దూరం కావ్యపరిచయం ఉన్నదే. నెల్లూరు సీమ కవి తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో కుంతి తాను నదిలో విడిచిన కుమారుని ఎదుట నిలిచి, తానే తల్లినని చెబుతుంది. కన్యగా ఉన్నప్పుడు చెప్పుకోలేని మాట చెప్పడానికి ఆమెకు యుద్ధం ముంచుకొచ్చేవరకు సమయం పట్టింది. లోకాపవాద భయమే బిడ్డను పెట్టెలో పెట్టించిందన్న అవగాహన ఇతిహాసానికి ఉంది. చట్టానికి ఆ అవగాహన చాలా ఆలస్యంగా కలిగింది.

2. శిక్షాస్మృతి దృష్టి – నేరంగా పరిత్యాగం:
మెకాలే అధ్యక్షతన 1837లో ముసాయిదాగా సిద్ధమై, 1860లో ఆమోదం పొంది, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో రెండు విభాగాలు ఈ అంశానికి సంబంధించినవి. పన్నెండేళ్లలోపు బిడ్డను పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టిన తండ్రికి గాని, తల్లికి గాని, సంరక్షకులకు గాని ఏడేళ్ల వరకు శిక్ష విధించవచ్చని 317వ విభాగం చెప్పింది. ఆ కారణంగా బిడ్డ మరణిస్తే హత్య లేదా నేరపూరిత నరహత్య అభియోగం మోపడానికి అడ్డులేదని వివరణ చేర్చింది. శిశువు మృతదేహాన్ని రహస్యంగా పూడ్చి జననాన్ని దాచడాన్ని 318వ విభాగం నేరంగా పేర్కొన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 93, 94 విభాగాలుగా కొనసాగుతున్నాయి.

చట్టం ‘తండ్రి గాని, తల్లి గాని’ అన్నప్పటికీ, ఆచరణలో విచారణ భారం తల్లి మీద పడటం సహజ పరిణామమైంది. ప్రసవపు ఆనవాళ్లు స్త్రీ శరీరం మీదే ఉంటాయి. ఊరిలో గర్భవతిగా కనిపించి ఇప్పుడు బిడ్డ లేకుండా ఉన్నదెవరన్నదే దర్యాప్తుకు తొలి ప్రశ్న అవుతుంది. అదే బిడ్డ తండ్రిని గుర్తించడానికి ఆ కాలంలో శాస్త్రీయ సాధనం లేదు.

ఈ చట్టం ప్రధానంగా తాకినది వితంతువులను. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం అనుమతించినా సమాజం అనుమతించని కాలమది. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే యువ వితంతువుకు శిశుహత్య నేరంపై మరణశిక్ష విధించగా, తరువాత ఆ శిక్షను తగ్గించారు. ఆ కేసు చుట్టూ నడిచిన చర్చే మరాఠీలో తారాబాయి షిండే ‘స్త్రీ పురుష తులన’ (1882) రచనకు ప్రేరణ అయింది. అంతకు ముందే 1863లో జ్యోతిరావు ఫూలే దంపతులు పుణెలో బాలహత్యా ప్రతిబంధక గృహాన్ని స్థాపించారు. గర్భవతులైన వితంతువులు అక్కడికి వచ్చి రహస్యంగా ప్రసవించి, ఇష్టమైతే బిడ్డను అక్కడే వదిలి వెళ్లవచ్చు. బిడ్డ దొరికిన తరువాత కాక, బిడ్డ పుట్టకముందే తల్లిని చేరదీయాలన్న ఆలోచనకు ఆధునిక భారతదేశంలో ఇది తొలి రూపాలలో ఒకటి. ప్రభుత్వం ఈ ఆలోచనను చట్టంలోకి తీసుకోవడానికి శతాబ్దానికి పైగా పట్టింది.

తెలుగునాట కందుకూరి వీరేశలింగం 1879లో వితంతు పునర్వివాహంపై ఉపన్యసించినప్పుడు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఉద్యమ వాదాలలో భ్రూణహత్య, శిశుహత్యల ప్రస్తావన ముఖ్యమైనది. శిక్ష కఠినమైతే శిశుహత్యలు ఆగవని, స్త్రీకి గౌరవప్రదమైన జీవనమార్గం ఉంటేనే ఆగుతాయని సంస్కర్తలు గ్రహించారు. వారి దృష్టి వివాహం మీద నిలిచింది. వివాహం వెలుపల పుట్టిన బిడ్డ సంగతి మాత్రం సంస్కరణోద్యమంలో కూడా అంచునే ఉండిపోయింది.

3. కరువు, మిషన్లు, ఆశ్రమాలు:
శిశువును పోషించలేక విడిచిపెట్టడం మరొక కోవ. 1876–78 నాటి మహాకరువు మద్రాసు రాజధానిని కుదిపివేసినప్పుడు నెల్లూరు జిల్లా కూడా దెబ్బతిన్నది. తీరం వెంబడి సాగే బకింగ్‌హాం కాలువ పనులు ఆ కాలంలో కరువు పనులుగా నడిచాయి. నాటి నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు.

నాయుడుపేట ప్రాంతానికి అప్పటికే మరొక మిషన్ వచ్చి ఉంది. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ 1865 ప్రాంతంలో సూళ్లూరుపేట, నాయుడుపేటలలో పని ప్రారంభించాడు. గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి కేంద్రాలు ఆ తరువాతివి. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం ఇదే. రాజధాని అంతటా కరువు సంవత్సరాలలో దిక్కులేని పిల్లలను చేరదీసినవాటిలో మిషన్లు ముందున్నాయి. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక ఆధారంగా రూపొందిన కరువు నిబంధనలలో అనాథ బాలల సంరక్షణ కూడా ప్రభుత్వ బాధ్యతలలో చేరింది. అయితే ఆ బాధ్యత కరువు ఉన్నంతకాలానిదే. వానలు కురిసి సహాయ శిబిరాలు మూతపడగానే బిడ్డల భారం మిషన్లకు, ధర్మసంస్థలకు, బంధువులకు మళ్లింది.

1920 నాటి మద్రాసు బాలల చట్టం ఈ విషయంలో శాశ్వత యంత్రాంగానికి తొలి ప్రయత్నం. అయినప్పటికీ దాని దృష్టి నేరం చేసిన, చేసే అవకాశం ఉన్న బాలల మీదే ఎక్కువ. పసికందు దాని పరిధిలో పెద్దగా కనిపించడు. స్వాతంత్ర్యానంతరం 1956 నాటి స్త్రీల, బాలల సంస్థల లైసెన్సు చట్టం, 1960 నాటి అనాథాశ్రమాల పర్యవేక్షణ చట్టం ఆశ్రమాలను నియంత్రించాయి. ఇక్కడ కూడా ప్రభుత్వం పర్యవేక్షించింది భవనాన్ని, లెక్కల పుస్తకాన్ని. బిడ్డ ఆశ్రమం గుమ్మం దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ చట్టాలకు ముఖ్యం కాలేదు.

4. రిజిస్టరు దృష్టి – జనన నమోదు, గ్రామ మునసబు:
పుట్టిన ప్రతి బిడ్డ పేరు రాసి ఉంటే, కనిపించకుండా పోయిన బిడ్డ జాడ తెలుస్తుందన్నది వలసపాలకుల మరొక ఆలోచన. 1870 నాటి ఆడశిశుహత్యా నివారణ చట్టం ప్రధానంగా వాయవ్య రాష్ట్రాలు, పంజాబు, అవధ్‌లను ఉద్దేశించినది. అనుమానిత ప్రాంతాలలో జనన మరణాల పట్టీలు రాయడం, నిఘా పోలీసులను నియమించడం దాని పద్ధతి. అంటే పిల్లల సంరక్షణ కోసం లెక్కలు రాయడం మొదలైనది నిఘాగానే.

మద్రాసు రాజధానిలో 1899 నాటి జనన మరణాల నమోదు చట్టం గ్రామాలలో ఆ పనిని గ్రామాధికారికి అప్పగించింది. నెల్లూరు సీమ పల్లెల్లో కరణం, మునసబు వ్యవస్థ ఇందుకు ఆధారం. దేశవ్యాప్తంగా ఏకరూపత తెచ్చిన 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 8వ విభాగంలో ఈ వ్యాసానికి కీలకమైన నియమం ఉంది. బహిరంగ స్థలంలో నవజాత శిశువు గాని, మృతదేహం గాని దిక్కులేకుండా దొరికితే, గ్రామమైతే గ్రామాధికారి లేదా తత్సమాన అధికారి, ఇతర చోట్ల స్థానిక పోలీసు స్టేషను అధికారి ఆ విషయాన్ని నమోదుకు తెలియజేయాలి. సజీవ శిశువును, మృతదేహాన్ని ఒకే వాక్యంలో చేర్చడం యాదృచ్ఛికం కావచ్చు. కానీ నాటి అనుభవంలో ఈ రెండూ ఎంత దగ్గరగా ఉండేవో ఆ వాక్యం చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ నియమానికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. చట్టం వచ్చిన పదిహేనేళ్లకే, 1984 జనవరిలో, ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను రద్దుచేసింది. సామాజిక న్యాయం దృష్ట్యా ఆ చర్య చారిత్రకమైనది. అయితే ‘గ్రామాధికారి’ అన్న మాట కేంద్ర చట్టంలో మిగిలింది, గ్రామంలో ఆ మనిషి లేడు. గ్రామ పరిపాలనాధికారి, గ్రామ రెవెన్యూ అధికారి, పంచాయతీ కార్యదర్శి, అంగన్‌వాడీ కార్యకర్త – వీరి మధ్య ఆ బాధ్యత పంపకమైంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలలో స్త్రీ, శిశు సంరక్షణ కోసం మహిళా ఉద్యోగిని నియమించి, తరువాత మహిళా పోలీసుగా వ్యవహరించడంతో పాత మునసబు బాధ్యతలో ఒక పాలు మరో రూపంలో గ్రామానికి తిరిగివచ్చింది. ఈసారి ఆ పని చేసేది స్త్రీ కావడం చిన్న మార్పు కాదు. కానీ ఆమె హోదాలో ‘పోలీసు’ అన్న మాట ఉండటం, భయపడిన తల్లి ఆమెను ఆశ్రయించడానికి ఎంతవరకు తోడ్పడుతుందన్నది ఆలోచించదగినది.

2023లో సవరించిన నమోదు చట్టం దత్తత వెళ్లిన, అనాథ, పరిత్యక్త, అప్పగించిన బిడ్డల నమోదును, ఒంటరి తల్లి లేదా అవివాహిత తల్లి కన్న బిడ్డల నమోదును సులభం చేసే ఉద్దేశాన్ని ప్రకటించింది. అవివాహిత తల్లి బిడ్డకు తండ్రి పేరు వెల్లడించనవసరం లేకుండా జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015 జూలైలోనే చెప్పింది. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటుందన్న భయం తల్లిని బిడ్డకు దూరం చేసే కారణాలలో ఒకటి. ఆ గడి ఖాళీగా ఉన్నా పత్రం చెల్లుతుందని చెప్పడం కూడా పరిత్యాగ నివారణే.

5. దత్తత, విక్రయం – 1984 నుంచి 2001 వరకు:
విదేశీ దత్తతల పేరుతో జరుగుతున్న అక్రమాలపై 1982లో న్యాయవాది లక్ష్మీకాంత్ పాండే రాసిన లేఖను సుప్రీంకోర్టు వ్యాజ్యంగా స్వీకరించి, 1984లో మార్గదర్శకాలు ఇచ్చింది. కన్నతల్లి నిర్ణయం ఒత్తిడి లేనిదై ఉండాలని, పునరాలోచనకు ఆమెకు గడువు ఉండాలని సూత్రీకరించింది. ఆ తీర్పు ఫలితంగా 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ (కారా) ఏర్పడింది.

ఈ నియమాలు కాగితంపై ఉండగానే ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద కుంభకోణం బయటపడింది. 1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ, రంగారెడ్డి తదితర జిల్లాల లంబాడీ తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొద్దిపాటి సొమ్ముకు కొని, హైదరాబాదులోని దత్తత కేంద్రాలకు చేర్చిన వైనం వెలుగుచూసింది. తల్లుల చేత వేలిముద్ర వేయించిన అప్పగింత పత్రాలు అనేక సందర్భాలలో కొనుగోలుకు ముసుగుగా పనిచేశాయి. పిల్లలను ప్రభుత్వ సంరక్షణలోని శిశువిహార్‌కు తరలించారు. గీతా రామస్వామి 2001లో ఈ సమస్యపై చేసిన అధ్యయనం తండాల ఆర్థిక స్థితిని ముందుకు తెచ్చింది. వరుడి వైపు వారు వధువు వైపుకు ఇచ్చే ఓలి ఆచారం పోయి వరకట్నం రావడం, కరువు, అప్పు – ఇవన్నీ ఒకప్పుడు భారం కాని ఆడపిల్లను భారంగా మార్చాయి.

ప్రభుత్వ ప్రతిస్పందన తీవ్రంగా ఉంది. పేదరికం, సంతానం ఎక్కువ కావడం, ఆడపిల్ల కావడం అనే కారణాలపై బిడ్డను అప్పగించడాన్ని 2001 ఏప్రిల్‌లో నిషేధించింది. విక్రయాన్ని అరికట్టడానికి ఇది అవసరమైన చర్యగా కనిపించింది. దాని రెండో పార్శ్వం కూడా గమనించాలి. చట్టబద్ధమైన తలుపు మూసినంత మాత్రాన బిడ్డను పెంచలేని తల్లి పరిస్థితి మారదు. ఆమె ముందు మిగిలేవి మూడే దారులు: ఎలాగో పెంచుకోవడం, రహస్యంగా ఎవరికైనా ఇచ్చేయడం, ఎక్కడైనా విడిచిపోవడం. మొదటి దారికి సాయం అందకపోతే నిషేధం ఆమెను మిగతా రెండింటి వైపు నెట్టే ప్రమాదం ఉంది.

మొదటి దారికి సాయంగా వచ్చిన పథకాలు లేకపోలేదు. 2005 నాటి బాలికా సంరక్షణ పథకం, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్న పేద దంపతుల ఒక్కగానొక్క కూతురికి ఇరవై ఏళ్లు నిండాక లక్ష రూపాయలు, ఇద్దరు కూతుళ్లయితే ఒక్కొక్కరికి 30,000 రూపాయలు అందేలా రూపొందింది. 2013లో శాసనంగా వచ్చిన ‘బంగారు తల్లి’ పుట్టినప్పుడు 2,500 రూపాయలతో మొదలుపెట్టి చదువు దశలవారీగా సాయం ప్రకటించింది. రాష్ట్ర విభజన తరువాత అది ఆ రూపంలో నిలవలేదు. రెండు పథకాలూ ఊహించుకొన్నది రేషన్ కార్డు, స్థిర చిరునామా ఉన్న కుటుంబాన్ని. అవివాహిత తల్లి, భర్త విడిచిన స్త్రీ, వలస కూలి ఆ చట్రంలో ఇమడరు. పరిత్యాగానికి ఎక్కువ దగ్గరగా ఉన్నది మాత్రం వారే.

6. ఊయల – తెరిచిన తలుపు:
తమిళనాడు ఈ సమస్యను మరో వైపు నుంచి చూసింది. ఆడశిశుహత్యలు వెలుగుచూసిన సేలం జిల్లాలో 1992లో జయలలిత ప్రభుత్వం తొట్టిల్ కుళందై పథకాన్ని ప్రారంభించింది. బిడ్డను చంపవద్దు, ప్రభుత్వ ఊయలలో ఉంచి వెళ్లండి అన్నది దాని సందేశం. తరువాత అది మదురై, థేని, దిండిగల్, ధర్మపురి తదితర జిల్లాలకు విస్తరించింది. ఆడపిల్లను వదిలించుకోవడాన్ని ప్రభుత్వమే ఆమోదించినట్లయిందన్న విమర్శ, ప్రాణం దక్కింది కదా అన్న సమాధానం – రెండూ నేటికీ వినిపిస్తాయి.

ఈ వివాదం భారతదేశానిదే కాదు. శిశువును గోడలోని తిరుగుడు తొట్టిలో ఉంచి వెళ్లే ఏర్పాటు మధ్యయుగ ఇటలీ ఆశ్రమాలలో ఉండేది. థామస్ కోరమ్ ప్రయత్నంతో 1739లో లండన్ ఫౌండ్లింగ్ ఆసుపత్రికి రాజశాసనం లభించింది. 1999లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం శిశువును సురక్షిత స్థలంలో అప్పగించిన తల్లికి రక్షణ కల్పించే చట్టం చేసింది. 2000లో జర్మనీలో శిశు పేటికలు వచ్చాయి. 2014లో ఆ దేశం మరో అడుగు వేసి గోప్య ప్రసవ చట్టం తెచ్చింది. తల్లి ఆసుపత్రిలో వైద్యసాయంతో, మారుపేరుతో ప్రసవిస్తుంది. ఆమె వివరాలు ముద్రవేసిన కవరులో భద్రమవుతాయి. బిడ్డ పదహారేళ్లకు వాటిని కోరవచ్చు. తల్లి గోప్యతను, తన మూలాన్ని తెలుసుకొనే బిడ్డ హక్కును కలిపి చూసిన ప్రయత్నమిది.

ఆంధ్రప్రదేశ్‌లో శిశుగృహల వద్ద, ప్రభుత్వ ఆసుపత్రుల వద్ద ‘ఊయల’లు వెలిశాయి. 2009 నాటి సమగ్ర బాలల పరిరక్షణ పథకం, తరువాతి దత్తత నిబంధనలు ఈ ఏర్పాటును ప్రోత్సహించాయి. ఊయల బిడ్డ ప్రాణాన్ని కాపాడుతుంది. కానీ తల్లితో మాట్లాడే అవకాశం ఇవ్వదు. బాలింత ఆరోగ్యం, ఆమె మీద ఎవరి ఒత్తిడి ఉంది, కొద్దిపాటి సాయం దొరికితే బిడ్డను పెంచుకొంటుందా అన్న ప్రశ్నలు ఊయల దగ్గర అడగడానికి ఎవరూ ఉండరు.

7. బాల న్యాయ చట్టం 2015 – కావలి ఉన్న తలుపు:
2016 జనవరి 15 నుంచి అమలులో ఉన్న బాల న్యాయ చట్టం ఈ రెండు అవసరాలను కలిపి చూడటానికి ప్రయత్నించింది. ఒక వైపు జాడతీతను బిగించింది. దిక్కులేని బిడ్డ కనిపించిన వ్యక్తి, ఆసుపత్రి, సంస్థ 24 గంటలలోపు పోలీసులకు గాని, 1098 బాలల సహాయవాణికి గాని, సమితికి గాని, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గాని తెలపాలి. తెలపకపోవడం నేరం. పిల్లల అమ్మకానికి, కొనుగోలుకు అయిదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా విధించవచ్చు.

మరో వైపు అప్పగింతకు దారి తెరిచింది. తమ అదుపులో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు సమితి ముందు అప్పగింత పత్రం రాయవచ్చు. సమితి విచారణ, సలహా జరపాలి. ఆ తరువాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. అప్పగించిన, పరిత్యక్త శిశువుల విచారణ క్రమంలో కన్నవారిపై ప్రాథమిక సమాచార నివేదిక నమోదు చేయరాదని చట్టం చెబుతుంది. తప్పనిసరి పరిస్థితులలో వదిలివేసినట్లు తేలితే, దానిని ఉద్దేశపూర్వకంగా భావించరాదని, క్రూరత్వానికి సంబంధించిన శిక్ష వర్తించదని కూడా పేర్కొంటుంది. 1860 నాటి దృష్టితో పోలిస్తే ఇది మౌలికమైన మలుపు. మొదటి చట్టం తల్లిని వెతికింది పట్టుకోవడానికి. రెండో చట్టం ఆమె రావాలని కోరుకొంటున్నది.

అయితే ఈ మలుపు అసంపూర్ణం. శిక్షాస్మృతి విభాగం కొత్త సంహితలోనూ యథాతథంగా ఉంది. ఒక పసికందు దొరికితే పోలీసు స్టేషనుకు ఈ రెండు చట్టాలూ ఒకేసారి ఎదురవుతాయి. ఏది ముందు చేతిలోకి తీసుకొంటారన్నదానిపై ఆ తల్లి భవిష్యత్తు ఆధారపడుతుంది. ‘పేదరికం’ అన్న మాట అప్పగింత కారణాలలో నేరుగా లేకపోవడం 2001 నాటి భయానికి కొనసాగింపుగా కనిపిస్తుంది. పేదరికమే కారణమైతే బిడ్డను కాదు, పేదరికాన్ని తొలగించాలన్నది ఆ మౌనం వెనుక సూత్రం. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలలో అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల ఆర్థికసాయం ఉంది. ఆ సాయం సకాలంలో అందినప్పుడే ఆ సూత్రానికి అర్థం ఉంటుంది.

8. నాయుడుపేటలో ఈ వ్యవస్థ – దూరం అనే సమస్య:
నాయుడుపేటలో బిడ్డ దొరికినప్పుడు చట్టం నిర్దేశించే క్రమం ఇది. సమాచారం పోలీసులకు చేరుతుంది. బిడ్డను ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షించి, అవసరమైతే పెద్దాసుపత్రిలోని నవజాత శిశు విభాగానికి పంపుతారు. ప్రయాణకాలం మినహా 24 గంటలలో సమితి ముందుంచాలి. సమితి ఆదేశంతో బిడ్డ శిశుగృహకు చేరుతుంది. బిడ్డ ఛాయాచిత్రంతో, దొరికిన స్థలం, తేదీ వివరాలతో పత్రికా ప్రకటన వెలువడుతుంది. సంబంధీకులు ఎవరూ రాకపోతే, పోలీసు నివేదిక అందిన తరువాత, రెండేళ్లలోపు బిడ్డను రెండు నెలలలో దత్తతకు చట్టబద్ధంగా అర్హమైనదిగా ప్రకటిస్తారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం న్యాయస్థానం నుంచి జిల్లా కలెక్టరుకు మారింది.

బిడ్డ విషయంలో ఈ క్రమం స్పష్టంగా ఉంది. తల్లి విషయంలో అలా లేదు. అప్పగింతకు ఆమె వెళ్లవలసిన సమితి జిల్లా కేంద్రంలో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4కు ముందు అది నెల్లూరు. తిరుపతి జిల్లా ఏర్పడ్డాక తిరుపతి. ఏ వైపైనా సుమారు 70 కిలోమీటర్లు. పచ్చి బాలింత, తోడు లేకుండా, పసిగుడ్డుతో బస్సెక్కి, తెలియని కార్యాలయానికి వెళ్లి, తన కథ అపరిచితులకు చెప్పుకోవాలి. బస్టాండులో బిడ్డను వదలడానికి ఇంత ప్రయాణం అక్కర్లేదు. చట్టం కోరే మంచిపని కష్టంగాను, అది వద్దనే పని సులభంగాను ఉన్నంతకాలం ఫలితం ఊహించడం కష్టం కాదు.

రెండో చిక్కు జిల్లా, రాష్ట్ర హద్దులది. రైలులోనో రహదారి పక్కనో దొరికిన బిడ్డ ప్రసవం చెన్నై ఆసుపత్రిలో జరిగి ఉండవచ్చు. ప్రసవాల రికార్డు ఆరోగ్యశాఖది, అది కూడా మరో రాష్ట్రానిది. దొరికిన బిడ్డ రికార్డు స్త్రీ శిశు సంక్షేమ శాఖది. కేసు రికార్డు పోలీసులది. పోలీసు లెక్కల్లో కనిపించేది కేసుల సంఖ్య, దత్తత పోర్టల్‌లో కనిపించేది దత్తతకు చేరిన బిడ్డల సంఖ్య. మార్గమధ్యంలో ఆసుపత్రిలో మరణించిన బిడ్డ, ఎవరికో చేతులు మారిన బిడ్డ ఈ రెండింటిలోనూ చేరకపోవచ్చు.

మూడోది గర్భిణుల నమోదు. 2005లో వచ్చిన జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సులు, తరువాతి తల్లీబిడ్డల జాడతీత పోర్టళ్ల ఫలితంగా రాష్ట్రంలో ఆసుపత్రి ప్రసవాలు తొంభై శాతం దాటాయి. ఇది గొప్ప విజయం. ఈ జాబితాలో పేరున్న గర్భిణి బిడ్డను కోల్పోతే ఆశా కార్యకర్తకు వెంటనే తెలుస్తుంది. కానీ గర్భం దాచుకొనే స్త్రీ మొదట తప్పించుకొనేది ఈ జాబితానే. దానితో పరీక్షలు, మందులు, సురక్షిత ప్రసవం కూడా ఆమెకు దూరమవుతాయి. జాడ తీసే వ్యవస్థ ఎంత బిగిస్తే, అత్యవసరంగా దాని సాయం కావలసిన స్త్రీ అంత దూరం జరుగుతుంది. యానాది కుటుంబాల వంటి సంచార, అర్ధసంచార జీవనం గల తీరప్రాంత ప్రజల విషయంలో నమోదు లోపాన్ని అనుమానంగా కాక, సేవాలోపంగా చూడవలసి ఉంది.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• శిశు పరిత్యాగంపై ప్రభుత్వ దృష్టి నేరం, కరువు సహాయం, నమోదు, దత్తత నియంత్రణ, అప్పగింత అనే దశలుగా సాగింది. కొత్త దశ వచ్చినా పాతది తొలగలేదు. నేటి పోలీసు స్టేషనులో 1860, 2015 నాటి దృక్పథాలు పక్కపక్కనే ఉన్నాయి.
• వదిలివేతను ఆపే ప్రయత్నం, విక్రయాన్ని ఆపే ప్రయత్నం పరస్పరం ఎదురు దిశల్లో లాగుతాయి. 2001 నాటి నిషేధం ఒక కొస, సేలం ఊయల మరొక కొస. పునరాలోచన గడువుతో కూడిన అప్పగింత విధానం ఈ రెంటికీ నడుమ ఉన్న మార్గం.
• దొరికిన బిడ్డను తెలియజేసే బాధ్యత గ్రామ మునసబు నుంచి సచివాలయ మహిళా ఉద్యోగి దాకా చేతులు మారింది. గ్రామస్థాయిలో ఆ బాధ్యత ఎవరిదో ప్రజలకు స్పష్టంగా తెలియాలి.
• ఆడపిల్లల సంక్షేమ పథకాలు స్థిర కుటుంబాన్ని ఊహించుకొన్నాయి. ఒంటరి తల్లి వాటి వెలుపల ఉండిపోయింది.
• నాయుడుపేట వంటి పట్టణాలలో సమితి సభ్యులు నిర్ణీత దినాలలో స్థానిక ఆసుపత్రికి వచ్చే ఏర్పాటు, ప్రసూతి వార్డులో అప్పగింత హక్కును, రెండు నెలల గడువును, కేసు ఉండదన్న సంగతిని తెలుగులో, తమిళంలో తెలిపే ఫలకం, శాఖల మధ్య ఒకే లెక్క – ఇవి పెద్ద వ్యయం లేకుండా సాధ్యమయ్యేవి.

దొరికిన ప్రతి బిడ్డ వివరాల పత్రంలో స్థలం, సమయం, బరువు, ఒంటిపై గుడ్డ రంగు వరకు రాస్తారు. తల్లి గురించిన గడిలో ‘తెలియదు’ అని ఉంటుంది. ఆ మాట రాయవలసిన సందర్భాలు ఎంత తగ్గాయన్నదే ఈ నూట అరవై ఏళ్ల ప్రయత్నానికి సరైన కొలమానం.